కార్బన్ కాపురం

మా ఇంటికీ నేను పాఠాలు చెప్పే బడికీ మధ్య దూరం చెప్తే మీరు నవ్వుతారు. మా ఆవిడ వంటింట్లో ఎండుమిరపకాయలు వేయిస్తే మా స్టాఫ్ రూములో లెక్కల మాస్టారు తుమ్ముతాడు. అంత దూరం. ఆ దూరానికి నేను కారులో పోతాను. ఎందుకని మీరు అడగరని నాకు నమ్మకం. మీ ఇంట్లోనూ ఇట్లాంటి బండొకటి ఉండే ఉంటుంది. కారున్నవాడు నడిచిపోతే కమలాపురం ఊరికే చూస్తూ ఉంటుందా? "అమ్మేసుకున్నట్టుండాడే, పాపం" అంటుంది. ఆ ఒక్క మాట పడకుండా ఉండటానికి ఎంత పెట్రోలైనా తగలేస్తాను.

పొద్దున తొమ్మిదికి స్టార్టు. అద్దం సర్దుకునే లోపల మొదటి గేరు, సందు మలుపులో రెండో గేరు. మూడో గేరు మా కారుకు పండగనాడే. బడి గేటు ముందర హారను కొట్టి, పిల్లలు నమస్కారం పెట్టేదాకా కాస్త నిదానించి, వేపచెట్టు కింద ఆపుతాను. సాయంత్రం అదే దారిన వెనక్కి.

కొన్నేళ్లు ఇట్లా జరిగాక కారు మొండికేసింది. పొద్దున స్టార్టు చేస్తే ఒళ్లంతా వణుకు. యాక్సిలరేటరు తొక్కితే రవ్వంత ఆలోచించుకుని గానీ కదలదు. ఎత్తు ఎక్కేటప్పుడు లోపల టకటకమని చప్పుడు. పెట్రోలు మాత్రం ముందుకన్నా ఎక్కువ తాగుతోంది. మా అమ్మ అరుగు మీద కూచుని అంతా విని, "వయసు మీద పడితే అంతే నాయనా" అంది. కారు గురించి అన్నదో నా గురించి అన్నదో అడిగే ధైర్యం చేయలేదు.

ఎర్రగుంట్ల రోడ్డులో నాకు తెలిసిన మెకానిక్ ఒకాయన ఉన్నాడు. బానెట్ ఎత్తకముందే "సార్, ఇల్లెక్కడ? బడెక్కడ?" అన్నాడు. చెప్పాను. నవ్వు కనపడకుండా టీ గ్లాసు మూతికి అడ్డం పెట్టుకున్నాడు.

"కార్బన్ పట్టింది సార్. దినామూ బండిని నిద్ర లేపి, మొగం గూడా కడుక్కోనీకుండా మళ్లా పండబెడతాండారు."

సిగ్గేసింది. ఎందుకంటే ఆ పాఠం నేనే చెప్తాను. పదో తరగతిలో కార్బన్, దాని సమ్మేళనాలు నా పాఠమే. గాలి చాలినంత అందితే ఇంధనం శుభ్రంగా కాలి కార్బన్ డయాక్సైడు, నీటి ఆవిరి అవుతుంది. చాలకపోతే పసుపు మంట, నల్ల మసి. కిలో పెట్రోలు సరిగ్గా కాలాలంటే దాదాపు 14.7 కిలోల గాలి కావాలి. చల్లగా ఉన్న ఇంజన్లో పెట్రోలు సరిగా ఆవిరి కాదు గనుక, బండిలో ఉండే కంప్యూటరు మొదట్లో పెట్రోలు ఎక్కువే పోస్తుంది. అది పూర్తిగా కాలదు. ఆ మసి ఇంజన్ ఆయిలు ఆవిరితో కలిసి పిస్టన్ నెత్తి మీదా, వాల్వుల మీదా, ప్లగ్గుల మొనల మీదా జిగటగా పట్టి, తర్వాత గట్టిపడుతుంది. పిస్టన్ మీద ఆ పొర మందమయ్యే కొద్దీ పైన చోటు తగ్గి ఒత్తిడి పెరుగుతుంది. ఎర్రగా కాగిన మసి ముక్క, ప్లగ్గు నిప్పు వెయ్యకముందే పెట్రోలును అంటించేస్తుంది. ఆ టకటక ఇదే. ఇదంతా బోర్డు మీద బొమ్మలు గీసి చెప్పి, తప్పు రాసిన పిల్లల మార్కులు కోసినవాణ్ణి. సిలబస్ మన గుమ్మం దాకా వస్తుందని ఎవరనుకుంటారు?

మెకానిక్ ఒక రేటు చెప్పాడు. న్యాయమైన రేటే. కానీ పక్కన కూచున్న ఇద్దరు ముగ్గురు నా వైపే చూస్తున్నారు. "ఇంతదానికి మీరెందుకన్నా, ఇంట్లో నేనే చేసుకుంటా. సైన్సు మాస్టర్ని గదా" అన్నాను. ఆయన మళ్లీ టీ గ్లాసు ఎత్తాడు. అందులో టీ అయిపోయి చాలాసేపైంది.

నా ధీమాకు కారణం లేకపోలేదు. మా నాయన కాలంలో ఇది ఇంటి పనే. ఆయనకు బజాజ్ చేతక్ ఉండేది. 1972లో మొదలై దశాబ్దాల పాటు దేశమంతా తిరిగిన బండి. మీ ఇంట్లోనూ ఒకటి ఉండే ఉంటుంది, స్టార్టు కాకపోతే పక్కకు వంచి మళ్లీ నిలబెట్టి తన్నే ఉంటారు. అప్పటి టూ స్ట్రోక్ ఇంజనుకు పెట్రోలులోనే నూటికి రెండు పాళ్లు ఆయిలు కలిపి పోయాలి. ఆయిలు కాలితే మసి రాక ఏమొస్తుంది? సైలెన్సరు పూడుకుపోయి బండి ఎత్తెక్కేది కాదు. అప్పుడు నాయన సైలెన్సరు ఊడదీసి, ఒకసారి కాస్టిక్ సోడా నీళ్లు పోసి నానబెట్టేవాడు, ఇంకోసారి పెరట్లో కట్టెల మంటలో వేసి కాల్చేవాడు. అంబాసిడర్ ఉన్న పెద్దమనుషులైతే ఇంజన్ హెడ్డు విప్పించి పిస్టన్ల మీద మసి గోకించేవాళ్లు. డీకార్బన్ అంటే ఆ రోజుల్లో ప్రతి మెకానిక్కూ నోటి మీది మాట. నాయన చేసిన పని కొడుకు చేయలేడా? నాయన చేసేటప్పుడు నేను దగ్గరుండి చూసింది తక్కువనీ, మంట దగ్గర చెనక్కాయలు కాల్చుకు తినడంలో ఉన్నాననీ మా అమ్మ తర్వాత గుర్తు చేసింది.

చెనక్కాయలంటే ఒక సంగతి చెప్పాలి. రాత్రిళ్లు ఫోనులో వీడియోలు చూసి చదువుకుంటున్నాను. కొన్ని కొత్తరకం ఇంజన్లలో పెట్రోలు నేరుగా సిలిండర్‌లోకే చిమ్ముతుంది గనుక వాల్వుల వెనకవైపును కడిగే దిక్కుండదు. అక్కడ పేరుకున్న మసిని వదిలించడానికి బయటి దేశాల్లో అక్రోటు చిప్పల పొడిని గాలి ఒత్తిడితో కొడతారు. ఆ చిప్ప మసిని పగలగొట్టేంత గట్టిదట, లోహాన్ని గీరనంత మెత్తదట. అది చూసి నా సీమ రక్తం ఉడికింది. మనకు అక్రోట్లెందుకు? చెనక్కాయ పొట్టుకు కడప జిల్లాలో కరువా?

"ఏమ్మే, ఇంట్లో చెనక్కాయలుండాయా?" అని అడిగాను.

"ఉండాయి. ఎందుకు?"

చెప్పాను. మా ఆవిడ ఒక్క మాట ఎదురు చెప్పలేదు. సంచి తెచ్చి నా ముందర కుమ్మరించింది. "ఒలువు సామీ. పొట్టు నువ్వు తీసుకో, గింజలు నాకియ్యి."

టీవీలో వార్తలు అయిపోయి, వాతావరణం అయిపోయి, ఇల్లంతా నిద్రపోయేదాకా ఒలిచాను. బొటనవేలి గోరు వాచింది. పొద్దున మా అమ్మాయి వచ్చి పొట్టు చిటికెలో నలిపి చూసింది. "నాన్నా, ఇది వేళ్ల మధ్యనే పొడైపోతాంది, మసినేం పగలగొడతాది? ఇంకోటి, మన కారులో పెట్రోలు వాల్వుల వెనకనే చిమ్ముతాది. ఆ భాగాన్ని పెట్రోలే కడుగుతాది. ఆ అక్రోట్ల పని మన బండికి లేనే లేదు." నాకు పాఠం చెప్పిన ఆనందం ఆ పిల్ల మొహంలో చూడాలి. ఆ మధ్యాహ్నం సంగట్లోకి ఆ గింజలతో నూరిన ఊరిబిండి చాలా బాగుంది. మా ఆవిడ ఇంతకాలం గింజలు ఒలిచే మనిషి కోసమే చూస్తూ ఉందని నాకు అప్పుడర్థమైంది.

ఆదివారం అసలు పని పెట్టుకున్నాను. కడప నుంచి స్ప్రే డబ్బాలు, ప్లగ్గు స్పానరు, చేతి తొడుగులు తెచ్చుకున్నాను. బ్యాటరీ నెగటివ్ వైరు తీసి పక్కన పెట్టాను. ఇది మాత్రం సరిగ్గా చేశానని మీరు గమనించాలి. గాలి ఫిల్టరు తీసి గోడకు కొట్టాను. సిమెంటు లారీలూ, నాపరాళ్ల ట్రాక్టర్లూ తిరిగే రోడ్డు మాది. ఫిల్టర్లోంచి రాలిన దుమ్ముతో చిన్న గోడ కట్టొచ్చు. గోడ అవతల పక్కింటాయన కాఫీ గ్లాసుతో నిలబడ్డాడు. చూసేవాళ్లుంటే నా చేతి వేగం పెరుగుతుంది, బుద్ధి వేగం తగ్గుతుంది. మీకూ అంతే కదా?

ఆ ఊపులో ప్లగ్గుల తీగలన్నీ ఒక్కసారే పీకేశాను.

పీకి, వరసగా గచ్చు మీద పరిచాక, ఏ తీగ ఏ ప్లగ్గుదో నాకూ తెలియదు, తీగలకూ తెలియదు. నాలుగు సిలిండర్ల ఇంజన్లో నిప్పు వరసగా పడదు. మామూలుగా ఒకటి, మూడు, నాలుగు, రెండు అనే క్రమంలో పడుతుంది. తీగ మారితే బండి దగ్గుతుంది తప్ప కదలదు. పక్కింటాయన ముందర బింకంగా "ఇదంతా పద్ధతి ప్రకారమే" అంటున్నాను గానీ నుదుటి మీద చెమట. మా చిన్నోడు ఐదో తరగతి. ఫోను తెచ్చి చూపించాడు. నేను బానెట్ ఎత్తగానే వాడు ఫోటో తీసి పెట్టుకున్నాడట. "ఎందుకు తీసినావురా?" అన్నాను. "అమ్మ తీసి పెట్టమనింది. ఎట్లాగూ వరస మరిచిపోతాడు అనింది."

ప్లగ్గులు మాత్రం చూడదగ్గవి. ఆరోగ్యంగా ఉన్న ప్లగ్గు మొన లేత గోధుమ రంగులో ఉంటుంది. నావి నల్లగా, పొడిమసితో ఉన్నాయి. ఇంజన్లోకి గాలి వదిలే థ్రాటిల్ బాడీలో ఉండే పళ్లెం అంచుల చుట్టూ నల్లటి జిడ్డు. స్ప్రే కొట్టి గుడ్డతో తుడిస్తే గుడ్డ నల్లబడింది, చేతులు నల్లబడ్డాయి, ముక్కు దురద పెడితే ముక్కు నల్లబడింది. మా అమ్మ అరుగు మీద నుంచి, "ఇంక నీకు దిష్టి చుక్క అక్కర్లేదు లే" అంది.

తర్వాత నీళ్ల చిట్కా. ఇది పాత మెకానిక్కుల విద్య. ఇంజను తిరుగుతుండగా గాలి పోయే దారిలో నీళ్లు సన్నటి తుంపరగా కొడితే, లోపల ఆవిరై మసిని వదిలిస్తుంది. మా ఆవిడ ఇస్త్రీకి వాడే స్ప్రే సీసా ఉంది. దాని కోసం ఇల్లంతా వెతికాను. ముందురోజు రాత్రే అది మాయమైంది. "నా ఇస్త్రీ సీసా నీ ఇంజన్లో పెట్టనియ్యను" అని ఒక్క మాట. అలిగి చెంబుతో పోద్దామని కూడా అనుకున్నాను. అప్పుడు మా అమ్మాయి చదివి వినిపించింది: తుంపర హద్దు దాటి నీళ్లు లోపలికి పోతే, నీళ్లు నలగవు గనుక, పైకి వచ్చే పిస్టన్ ఆగిపోతుంది, దాన్ని మోసే కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది, ఇంజను మొత్తం విప్పాల్సిందే. ఇదేదీ తెలియకుండానే మా ఆవిడ నా ఇంజన్ను కాపాడింది. తెలిశాక ఇంకా ఎక్కువ కాపాడింది, చెంబు కూడా దాచేసింది.

మిగిలింది నానబెట్టడం. ప్లగ్గుల రంధ్రాల్లోంచి మసి కరిగించే ద్రవం కొంచెం కొంచెం పోసి ఒక రాత్రి ఉంచాలి. పోశాను. సోమవారం నడిచి బడికి పోవలసి వచ్చింది. కూరగాయల అంగడి దగ్గర ఒకాయన, జిరాక్సు షాపు దగ్గర ఇంకొకాయన, బడి గేటు దగ్గర ఏడో తరగతి పిల్లోడు, అందరూ అదే ప్రశ్న. "సార్, కారు అమ్మేసినారా?"

సాయంత్రం వచ్చీ రాగానే, బట్టలు కూడా మార్చుకోకుండా, బ్యాటరీ వైరు తగిలించి స్టార్టరు తిప్పాను. ప్లగ్గులు పెట్టకముందే ఇట్లా తిప్పి లోపలి ద్రవాన్ని బయటికి పంపేయాలి. లేకపోతే అదీ నీళ్ల పనే చేస్తుంది. రంధ్రాల మీద దళసరి గుడ్డ కప్పాలని కూడా వీడియోలో చెప్పారు. ఆ భాగం వచ్చేసరికి నేను చెనక్కాయలు ఒలుస్తున్నాను. బుస్సుమని నల్లటి ధార లేచింది. బానెట్‌కు తగిలి, అక్కడి నుంచి దసరాకు సున్నం కొట్టిన గోడ మీదికీ, "నేను చూస్తా, నేను చూస్తా" అని తల వంచిన మా చిన్నోడి యూనిఫాం మీదికీ పోయింది. నేను సీట్లో కూచున్నాను గనుక నా మీద ఒక్క చుక్క పడలేదు. అదే పెద్ద నేరమైంది. "నీ మింద పడింటే నేనేమీ అనకపోదును" అంది మా ఆవిడ.

ప్లగ్గులు బిగించి, చిన్నోడి ఫోటో చూసి తీగలు తగిలించి స్టార్టు చేశాను. మొదట దగ్గింది. తర్వాత తెల్లటి పొగ. సందంతా పొగ. దోమల మందు కొట్టే బండి వచ్చిందనుకుని ఎదురింటివాళ్లు కిటికీలు మూశారు, వీధి పిల్లలు పొగలోకి పరుగెత్తారు. పొగ తగ్గాక ఇంజను గట్టిగా రంకెలేస్తూ నిలబడింది. నేను మళ్లీ భయపడ్డాను. మెకానిక్‌కు ఫోను చేస్తే, "ఇన్నాళ్లు మసి అడ్డముందని కంప్యూటరు గాలి ఎక్కువ వదలడం నేర్చుకుంది సార్. ఇప్పుడు అడ్డం పోయింది, అలవాటు పోలేదు. సర్దుకుంటాది" అన్నాడు. తర్వాత మెల్లగా, "ఇంజన్ ఆయిలు మార్చినారా? మీరు పోసింది రింగుల సందులోంచి కిందికి దిగి ఆయిల్లో కలిసుంటాది" అన్నాడు. మార్చలేదు. మార్చాను. మా ఆవిడ స్ప్రేలు, స్పానరు, ఆయిలు, యూనిఫాం, సున్నం అన్నీ కందిపప్పు పొట్లం మీద కూడింది. మెకానిక్ చెప్పిన రేటును దాటి చాలా దూరం పోయింది. నా కారు ఎప్పుడూ పోనంత దూరం.

అయినా వణుకు తగ్గింది, ఎత్తులో టకటక మాత్రం కొంచెం మిగిలింది. అప్పుడు ఆ మెకానిక్ అసలు మందు చెప్పాడు. "రోడ్డుకు తీసకపోండి సార్. ఇంజను బాగా కాగినాంక, టాపు గేరుకు పోకుండా, ఆర్‌పీఎం మీటరు మూడు వేలకు పైన ఉండేట్టు ఒక అరగంట తోలండి. వేడికి ప్లగ్గుల మింద, పిస్టన్ మింద ఉండే మెత్తటి మసి కాలిపోతాది. పాతుకుపోయిన గట్టిది దీంతో పోదు గానీ, కొత్తది పట్టదు."

నాకు 2021 నవంబరు గుర్తొచ్చింది. ఆ వానలకు పాపాఘ్ని పొంగి, కడపకు పోయే దారిలో వంతెన కూలిపోయింది. కడప పోవాలంటే ఊరంతా చుట్టు తిరిగి పోయేవాళ్లం. అందరూ తిట్టుకుంటూ తిరిగారు, నేనూ తిట్టుకున్నాను. ఆ రోజుల్లోనే మా కారు ఎన్నడూ లేనంత సుఖంగా నడిచింది. కారణం ఇప్పుడు తెలిసింది.

ఈ మాటలన్నీ స్పీకరులో వింటూ మా ఆవిడ పొయ్యి బర్నరు రంధ్రాలు పిన్నీసుతో పొడుస్తోంది. గిన్నెల అడుగులు నల్లబడుతుంటే గాలి రంధ్రాలు పూడినట్టని పాఠ్యపుస్తకంలోనే ఉంది. ఆమె పుస్తకం చూడలేదు, గిన్నె చూసింది. తల ఎత్తకుండానే, "గండికోట" అంది.

పెళ్లైనప్పటి నుంచి అడుగుతోంది. జమ్మలమడుగు దాటితే గండికోట. ఎర్రమల కొండల్ని పెన్నానది కోసుకుని పోయిన ఆ లోయను చూడటానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. అమెరికాలో ఉన్న ఆమె పిన్నమ్మ కొడుకు వచ్చి చూసి, ఫోటోలు దిగి పోయాడు. జిల్లాలోనే ఉండే మేము చూడలేదు. ఇన్నాళ్లు నేను చెప్పిన జవాబు ఏమిటో తెలుసా? "అంత దూరం తోలితే ఇంజను పాడైతాది."

పోయాం. ఎర్రగుంట్ల, ముద్దనూరు, జమ్మలమడుగు. మూడో గేరులో, మీటరు మూడు వేల పైన, పిల్లలు వెనక సీట్లోంచి ముల్లు దిగితే అరుస్తూ. మొదట వెనక నల్లటి పొగ తెర లేచింది, తర్వాత పలచబడింది, కోట ఎత్తు ఎక్కేటప్పుడు టకటక వినిపించలేదు. మా ఆవిడ లోయ అంచున నిలబడి పెన్నను చూస్తూ చాలాసేపు మాట్లాడలేదు. అది నాకు మంచి శకునమనిపించింది.

కాదు. మాట్లాడకుండా ఆలోచించింది. తిరుగు దారిలో "ప్రొద్దుటూరు మీద పో. అరగంట చాలదేమో, ఇంకో అరగంట తోలితే మంచిది గదా" అంది. ప్రొద్దుటూరును రెండో బొంబాయి అని ఎందుకంటారో, అక్కడి బంగారం అంగళ్ల వీధి ఎట్లా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. బండి దానంతట అదే ఆగింది. కనీసం నాకట్లా అనిపించింది.

ముక్కుపుడకకు రవ్వ చూస్తుంటే నేను మెల్లగా అన్నాను. "తొలకరి పడితే జొన్నగిరి, వజ్రకరూరు చేలల్లో జనం వజ్రాలు ఏరుకుంటారు. ఒకసారి మనమూ పోతే ఖర్చుండదు."

"ఎండలో చేలెంబడి తిప్పుతావా, ఫ్యాను కింద చూపిస్తావా, నువ్వే చెప్పు" అంది.

మా అమ్మాయి అద్దంలోంచి రవ్వను చూస్తూ, "నాన్నా, ఇదీ కార్బనే" అంది. పదో తరగతి పాఠమే. ఆ పాఠం అంత శ్రద్ధగా చెప్పాల్సింది కాదు.

ఇంటికొచ్చాక ఆవిడ నా ఫోనే తీసుకుని మెకానిక్‌తో మాట్లాడింది. "అన్నా, ఒకసారి పోతే సరిపోతాదా?" ఆయన ఏమన్నాడో నాకు వినపడలేదు, స్పీకరు ఈసారి పెట్టలేదు. క్యాలెండరు దగ్గరికి పోయి వచ్చే నెల ఆదివారం చుట్టూ సున్నా చుట్టింది. పక్కన ధర్మవరం అని రాసింది. అక్కడ మగ్గాల మీద నేసేదేమిటో మీకూ తెలుసు, నాకూ తెలుసు. కానీ ఆమె చెప్పే కారణం వేరు. రోడ్డు ఎంత పొడుగుంటే ఇంజనుకు అంత మంచిదట.